చావును తరమడానికి నాలుగు ఆవులు

ఈ పొద్దున కెన్యా నుంచి నా ఫోన్‌కు ఒక ఫోటో వచ్చింది. రేకుల ఇల్లు, తలుపుకు కుడిపక్కన ఒక సమాధి. పంపిన అమ్మాయి చింతామణిలో మా మిద్దె మీది గదిలో అద్దెకుండి నర్సింగ్ చదివింది. ఆ సమాధి వాళ్ళ నాన్నది. వాళ్ళు లువో అనే తెగవాళ్ళు. ఇంటి పెద్ద ఎంత దూరాన పోయినా సరే, తెచ్చి ఇంటి దగ్గరే పూడుస్తారట.

ఆయన పోయినప్పుడు ఆ అమ్మాయికి ఇక్కడ పరీక్షలు దగ్గరపడ్డాయి. వాటిని వదిలి రావద్దని వాళ్ళ అన్నే కబురు చేశాడు. నాలుగు రోజులు ఆమె కిందికి దిగలేదు. మా అత్త ఉప్పిట్టు గిన్నె పట్టుకుని, ఇంగ్లీషుకు నన్ను వెంటబెట్టుకుని మెట్లెక్కింది. చూస్తే మంచం మీద దిండు తడిసిపోయి ఉంది. గట్టిగా ఏడిస్తే పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనని దాన్నే నోటికి అడ్డం పెట్టుకుందట. వాళ్ళ ఊళ్ళో అయితే కూతురు దూరం నుంచే గొంతెత్తి, తండ్రి గొప్పలు చెప్పుకుంటూ, ఏడుస్తూ ఇల్లు చేరాలట.

మా అత్తకు ఓదార్చడం కంటే ఆరా తీయడం బాగా వచ్చు. "మీ దిక్కు ఇంకేమేం చేస్తారమ్మా?" అని మంచం మీదే కూర్చుంది. తల గొరిగించుకుంటారంటే, "మాదీ అంతే" అని తలూపింది. మగవాళ్ళు ఈటెలు పట్టుకుని, పశువులను పరుగెత్తించి చావును తరిమేస్తారని చెప్పేసరికి గిన్నె కింద పెట్టేసింది.

"చావును తరుముతారా? యాడికి?"

"ఇంటికి దూరంగా. మళ్ళీ రాకుండా."

"మళ్ళా రాదా?"

నాలుగు రోజుల్లో మొదటిసారి ఆ అమ్మాయి నవ్వింది. "వస్తుంది. మళ్ళీ తరుముతాం."

ఆదివారం అత్త మమ్మల్నిద్దరినీ ఆటో ఎక్కించి కెంచార్లహళ్ళిలోని మా చేనికి తీసుకుపోయింది. మామగారిని పూడ్చింది అక్కడే, మల్బరీ తోట పక్కన. పక్క చేను రైతు నాలుగు ఆవులతో సిగ్గుపడుతూ నిలబడి ఉన్నాడు. అది అత్త ఏర్పాటే. "ఇవి పాలిచ్చేటివమ్మా, చావును తరిమే సత్తువ యాడుండాది వీటికి?" అని గొణుగుతూనే అదిలించాడు. పది అడుగులు పరుగెత్తి, నాలుగూ మల్బరీ ఆకు మీద పడ్డాయి.

అమ్మాయి పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే గొంతు మారింది.

"ఈడ ఎవురూ లేరు తల్లీ. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా ఏడువు," అంది అత్త.

చేతులు పైకెత్తి, తన భాషలో తండ్రిని పిలుస్తూ, గట్టు పొడుగునా నడుస్తూ ఏడ్చింది. ఒక్క మాటా మాకు తెలియలేదు. ఆ ఏడుపు వింటూ అత్త మెల్లగా పోయి మామగారి సమాధి మీద చెయ్యి ఆనించి కూలబడింది. ఆయన పోయినరోజు వచ్చినవాళ్ళకు కాఫీలు, పడకలు చూసుకుంటూ కంటతడి పెట్టని మనిషి. ఎంత గట్టిదో అని అందరూ మెచ్చుకున్న మనిషి.

"నన్నిడిసిపెట్టి పోతివి కదయ్యా," అని రాగం తీసింది.

రైతు తలగుడ్డ తీసి పక్కకు తిరిగాడు. నేను ఇద్దరి మధ్యా, ఎవరి దగ్గరికి పోవాలో తెలియక నిలబడిపోయాను. మామగారు పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. మనిషి పోయిన రోజూ, ఆ పోవడం మనకు తెలిసివచ్చే రోజూ ఒకటే కానక్కర్లేదు. ఆ రెంటి మధ్య కాలం ఎంతైనా ఆగుతుంది.