నలభై ఒకటో కొట్టు

దర్జీకి వీధిలో ఉన్నది ఒక్క కొట్టు, ఫోనులో నలభై. అక్కడ దారం తెగదు, సూది విరగదు, చంక దగ్గర బిగుతైందని ఎవరూ రుసరుసలాడరు. కొలతలన్న మాటే తెలియని దిక్కుమాలిన ఆట అది. మనుషులందరికీ ఒకే భుజాలు! వేలితో తడితే కోటు తయారై చప్పట్లు మోగుతాయి. పాతికేళ్లు కత్తెర పట్టిన చేతికి ఒక్కరోజైనా ఎవరూ చప్పట్లు కొట్టలేదు మరి. అందుకే కాలు మిషను తొక్కుతుంటే బొటనవేలు ఫోను మీదే తిరుగుతుంది. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని కాజాలు కుట్టే భార్య సణుగుతుంది. "ఉండవే, నలభై ఒకటోది తెరుస్తున్నా" అంటాడు తల ఎత్తకుండా. ఆటలో బట్ట కాలినా బెంగలేదు. కాలిన చోట వేలితో నొక్కి, ఓ ప్రకటన చూస్తే మళ్లీ కొత్తదైపోతుంది.

చనిపోయిన భర్త కోటును మనవడికి సరిపోయేలా చిన్నది చేయమని ఒక ముసలావిడ ఇచ్చింది. కుట్టు చక్కగా కుదిరింది. మొన్న తీసుకెళ్లడానికి వచ్చి ఆవిడ బెంచీ మీద కూర్చుంటే, దర్జీ ఆఖరి ఇస్త్రీ మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే ఫోనులో చప్పట్లు మోగాయి. నలభై ఒకటో కొట్టు తెరుచుకుంది. చూపు అటు పోయింది, ఇస్త్రీపెట్టె కోటు మీదే ఉండిపోయింది. మాడు వాసనకు భార్య పరుగెత్తుకొచ్చేసరికి ఛాతీ దగ్గర అరచేయంత మేర నల్లబడింది. ముసలావిడ లేచి వచ్చి చూసింది. "ఆయనది ఇదొక్కటే మిగిలింది నాయనా" అంది.

దర్జీ మాడిన చోట బొటనవేలు పెట్టి నొక్కాడు. చుర్రుమంది. మళ్లీ నొక్కాడు.