పేరు చెప్పని గుప్పెడు

విశ్వాసమ్మ అల్లిన తుంగచాప మీద పడుకుంటే నడుంనొప్పి రాదని ఆకివీడు సంతలో చెప్పుకునేవారు. కొనేవాళ్ళు ఆమె చేతికి తగలకుండా కొనేవారనుకోండి, అది వేరే సంగతి. చాపకి లేని అంటు చేతికెలా వచ్చిందో వాళ్ళనే అడగాలి.

మొగుడు పోయాక ఆమెకి కొడుకు ఎలీయాజరే లోకం. వాళ్ళుండే కొల్లేటి లంకలో, ఊరికి ఎడంగా ఉన్న పేటలోని క్రైస్తవుల ఇళ్ళల్లో ఒక అలవాటుండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి, ఎవరో ఒకరి పేరు ప్రభువుకి చెప్పి, విడిగా ముంతలో వేసేవారు. ఆదివారం చర్చి ఉపదేశి దేవసహాయంగారు సంచీతో వస్తే అందులో పోసేవారు. విశ్వాసమ్మ పూటకో పేరు వెతుక్కునేది కాదు. ఎప్పుడూ ఎలీయాజరే.

పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో ఎండలు ముదిరి కొల్లేరు వెనక్కిపోయింది. మిగిలిన నీళ్ళు నోట పెట్టుకోలేనంత ఉప్పన. ఊళ్ళో మంచినీళ్ళ చెరువుంది గానీ, పేటవాళ్ళు గట్టు కింద కడవలు పెట్టుకుని ఎవరైనా దయతలచి పోసేదాకా నిలబడాలి. ఒకనాడు తల్లికి జ్వరం కాస్తుంటే ఎలీయాజరు ఆగలేక రేవులోకి దిగాడు. ఊరి రైతు జగ్గారావు చేతికర్రతో అతని తలమీద కొట్టాడు. ఎదిగిన కొడుకు మళ్ళీ లేవలేదు. పోలీసులొచ్చారు, భోజనాలు చేశారు, వెళ్ళారు. ఊరినిండా కళ్ళున్న మనుషులే, చూశానన్నవాడు ఒక్కడూ లేడు.

కొడుకు పోయాక కూడా విశ్వాసమ్మ గుప్పెడు వాడి పేరునే వేసేది. అది తెలిసి దేవసహాయంగారు ఆమె గుమ్మంలో కూర్చుని మెల్లగా అన్నారు.

"చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన మన సంఘంలో లేదమ్మా. బతికున్నవాళ్ళ పేరు చెప్పాలి."

"నాకింకెవరున్నారండీ?"

"శత్రువుల కోసం ప్రార్థించమన్నారు కదమ్మా ప్రభువు," అన్నారాయన.

విశ్వాసమ్మ లేచి తలుపేసుకుంది. మంచాయనే, పాపం. కానీ కడుపుకోత పడ్డ మనిషితో అనవలసిన మాటేనా అది? ఆమె గుప్పెడు తియ్యడం మానలేదు, చెయ్యి దానంతటదే పోయేది. పేరు మాత్రం చెప్పేది కాదు. జగ్గారావు పేరు నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది.

మరుసటి వేసవిలో కలరా తగిలింది. జగ్గారావు మంచం పట్టగానే అతన్ని పశువుల సావిట్లో పడుకోబెట్టి పెళ్ళాం బిడ్డలు బండి కట్టించుకుని తాడేపల్లిగూడెం పోయారు. చూసుకోమన్న పాలేరు ఆ పూటే మాయమయ్యాడు. తుంగ మోపుతో వస్తున్న విశ్వాసమ్మకి సావిట్లోంచి "నీళ్ళు, నీళ్ళు" అన్న మూలుగు వినిపించింది. గొంతు పోల్చుకుని గబగబా నడిచి వెళ్ళిపోయింది. ఇంటి దగ్గర మోపు దించాక కూడా ఆ గొంతు చెవుల్ని వదల్లేదు. ఇంట్లో చూస్తే, ముంతలో ప్రభువు బియ్యం తప్ప గింజ లేదు. ఆ బియ్యమే గంజి కాచి, ఉప్పేసి, ఆ ముంతలోనే పోసి పట్టుకెళ్ళింది.

ఆమెను చూసి జగ్గారావు పళ్ళు బిగించాడు. విషం తెచ్చిందనుకున్నాడు. విశ్వాసమ్మ తనే ఒక గుక్క తాగి చూపించింది. తాగాక గానీ తట్టలేదు, ఎంగిలైపోయిందని. పేటదాని ఎంగిలి! చచ్చినా తాగడనుకుంది. అతను ముంత వంక చూసి నోరు తెరిచాడు.

గొంతు కాస్త తడిశాక అన్నాడు: "ఆవేళ నీ కొడుకూ నీళ్ళడిగాడే. పడిపోయాక. నేనివ్వలేదు. ఎవర్నీ ఇవ్వనివ్వలేదు."

ఈ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. దెబ్బకి పోయాడనుకుంది గానీ దాహంతో పోయాడనుకోలేదు. ముంత కింద పెట్టేసి బయటికి పరిగెత్తింది. చెరువుగట్టు మీద కూలబడి గుండెలు బాదుకుంది. కళ్ళెదుట నిండా నీళ్ళు. వెనక సావిట్లోంచి మళ్ళీ అదే మూలుగు. కాసేపటికి అది జగ్గారావు గొంతో, ఎలీయాజరు గొంతో ఆమెకి తెలియకుండా పోయింది.

లేచి లోపలికెళ్ళింది. అతని తల ఒళ్ళో పెట్టుకుని, "తాగండి బాబుగారూ, తాగండి," అంటూ గుక్క గుక్కా పోసింది. పొద్దు వాలేలోగా అతను పోయాడు.

ఆదివారం దేవసహాయంగారు సంచీతో వచ్చేసరికి, పొరుగువాళ్ళిచ్చిన బియ్యంలోంచి గుప్పెడు తీసి, గుప్పిట్లో పట్టుకుని విశ్వాసమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇయ్యాళ ఆ పేరు నోటికొచ్చిందండీ అయ్యగారూ. బతికున్నన్నాళ్ళూ చెప్పలేకపోయాను. జగ్గారావుగారి పేరు ఇప్పుడు చెప్పకూడదా అండీ?"

గంజి సంగతి ఆయన అప్పటికే విన్నారు. "ఈ వారం నువ్వు పేరు చెప్పకుండా వేసిన గుప్పెళ్ళన్నీ గంజై అతనికే చేరాయి కదమ్మా," అన్నారు.

"చేరాయండీ," అంది విశ్వాసమ్మ. "మావాడికే, ఒక్క గుక్క చేరలేదండీ."

ఆమె గుప్పిట విప్పలేదు. ఆయన సంచీ పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చారు.