పక్కన నిలబడే మనిషి

రియాక్టరు హాల్లో ఆయన్ని అందరూ ద్వారపాలకుడు అనేవారు. ముఖాన అనేవారు కాదు గానీ, ఆయనకి తెలుసు. యంత్రం నడుస్తున్నంతసేపూ దాన్ని అంటిపెట్టుకుని, మెడలో రేడియేషన్ బ్యాడ్జీతో, కవచం మీద చెయ్యి ఆనించి నిలబడేవాడు మరి.

ఆ యంత్రం ఆయన చేతుల మీదుగా పుట్టింది. రియాక్టరు గోడలోంచి న్యూట్రాన్ల పుంజం ఒకటి బయటికొస్తుంది. దాన్ని చిటికెడు పొడి మీద పడనిస్తే, ఆ పొడిలో పరమాణువుల అమరికని బట్టి న్యూట్రాన్లు అటూ ఇటూ చెదురుతాయి. ఏ కోణంలో ఎన్ని చెదిరాయో డిటెక్టరు లెక్కపెడుతుంది. ఎక్కువ చెదిరిన చోట కంప్యూటర్ తెర మీద గీత శిఖరంలా లేస్తుంది. పెద్ద శిఖరాలు ఎవరైనా చూపిస్తారు. ఈయన మనసు పడింది అతి చిన్నవాటి మీద. అయస్కాంత పదార్థాల్లో, బాగా చల్లబరిస్తే తప్ప కనిపించని నలుసంత శిఖరాలవి. అవి కనబడాలంటే దారితప్పి తిరిగే న్యూట్రాన్లు లోపలికి రాకూడదు. అందుకే న్యూట్రాన్లని మింగేసే బోరాన్‌ని మైనంలో కలిపి, తనే పోతపోసి, డిటెక్టరు చుట్టూ కవచంలా గోడ కట్టాడు.

అయినా శిఖరాలు లేని చోట కూడా తెర అడుగున గీత ఎత్తుగానే ఉంది. నలుసు అందులో మునిగిపోతోంది. మరమ్మతులకి రియాక్టరు ఆగేలోపు దాన్ని, పుంజం ఎవరికివ్వాలో తేల్చే కమిటీకి చూపించలేకపోతే ఆ పుంజం వేరే బృందానికి పోతుందని పై నుంచి కబురొచ్చింది. రిటైరయ్యే వయసులో ఇంకో యంత్రం కట్టే యోగం ఆయనకి లేదు.

వైర్లు మార్చాడు. డిటెక్టరు విప్పి మళ్ళీ బిగించాడు. పక్క బృందం వాళ్ళ పంపు ఆపించి వాళ్ళచేత మాటపడ్డాడు. గీత దిగలేదు.

గుట్టు పట్టింది లెక్కలు చూసే సహోద్యోగి.

"మాస్టారూ, ఓసారి క్యాంటీనుకి వెళ్ళి రండి," అంది.

"ఇప్పుడేగా తిన్నాను?"

"టీ తాగండి."

"అదీ అయింది తల్లీ."

"అయితే ఊరికే కూర్చుని రండి. మీకు పుణ్యముంటుంది."

వెళ్ళొచ్చాడు. ఆవిడ తెర చూపించింది. ఆయన లేనంతసేపూ గీత బుద్ధిగా కిందనే పడుకుంది. ఆయన వచ్చి నిలబడగానే లేచి కూర్చుంది.

"నేనా?"

"మీరేనండీ. రోజూ భోజనాల వేళకి గీత దిగుతుంటే ఏమిటా అనుకున్నాను."

ఆయనకి విడమరిచి చెప్పక్కర్లేదు. నీళ్ళు న్యూట్రాన్ల వేగం తగ్గించి చెదరగొడతాయని, మనిషంటే చాలావరకు నీళ్ళేనని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది ఆయనే. పక్క యంత్రం నుంచి కారే వేగమైన న్యూట్రాన్లు మామూలుగా డిటెక్టర్ని పట్టించుకోకుండా దూసుకుపోతాయి. ఈయన ఒంట్లో దూరినవి మాత్రం నీరసించి, గోడలో కేబుళ్ళు బయటికి తీసిన సందులోంచి మెల్లగా లోపలికి జారుతున్నాయి. గోడ కట్టేటప్పుడు అన్నీ లెక్కలోకి తీసుకున్నాడు, తనని తప్ప.

సందు మూసే బోరాన్ పలకలు కమిటీ వచ్చేలోపు అందవు.

ఇంటికొచ్చి చెబితే, బట్టలు కుట్టుకుంటున్న భార్య మిషను ఆపకుండానే అంది: "మీరు పక్కనుంటే పని సాగదని పెళ్ళైన కొత్తలోనే మొత్తుకున్నాను. నేనంటే చెవికెక్కలేదు. యంత్రం చెప్పేసరికి వేదవాక్కైంది."

"వెక్కిరించకు. బొజ్జ కాస్త తగ్గిస్తే సరిపోతుందేమో."

"అయ్యే పని చెప్పండి. దూరంగా ఉండండి, చాలు."

కమిటీ వచ్చిన రోజు ఆయన హాలు బయట, అద్దం ఇవతల నిలబడ్డాడు. లోపల పొడి చల్లబడింది, లెక్క మొదలైంది. కమిటీ అధ్యక్షుడు భారీ మనిషి. యంత్రం చుట్టూ తిరిగి తిరిగి, సరిగ్గా ఆ సందు దగ్గరే ఆగి, తీరిగ్గా కవచానికి ఆనుకున్నాడు. గీత లేచింది. సహోద్యోగి అద్దం వైపు తిరిగి బిక్కమొహం వేసింది.

జరగమంటే ఎందుకంటారు. ఎందుకో చెబితే, గోడే సరిగ్గా కట్టలేనివాడికి పుంజం దేనికంటారు. చెప్పకపోతే నలుసు కనబడదు.

ఆయన లోపలికొచ్చి, దూరంగానే ఆగాడు.

"అయ్యా, తమరు కాస్త ఇవతలికి రావాలి. అక్కడ గోడలో సందుంది. నేను చూసుకోలేదు. మీ ఒంట్లో నీళ్ళు మా లెక్క చెడగొడుతున్నాయి."

అధ్యక్షుడు తన పొట్ట వంక ఓసారి చూసుకుని పక్కకి జరిగాడు. గీత దిగింది. మళ్ళీ వెళ్ళి నిలబడ్డాడు. లేచింది. అధ్యక్షుడికి సరదా పుట్టింది.

"నువ్వూ నిలబడవయ్యా," అంటూ బక్కపల్చటి సభ్యుణ్ణొకణ్ణి ముందుకి తోశాడు. గీత కాస్తే లేచింది.

"వీడికి ఇంట్లో తిండి పెడుతున్నట్టు లేరు!"

తర్వాత అందర్నీ దూరంగా పంపి, లెక్క మొదటినుంచీ పెట్టారు. సాయంత్రానికి నలుసు పైకి తేలింది. చిన్నదే గానీ, కాదనడానికి వీల్లేనిది. సందు మూయాలన్న షరతు మీద పుంజం ఆయనకే ఉంచారు.

పలకలు రాగానే తనే కోసి, సందుకి సరిపోయేలా బిగించాడు. అలవాటు కొద్దీ పక్కన నిలబడి తెర వంక చూశాడు. గీత కదల్లేదు. ఇంకాస్త దగ్గరికి జరిగాడు. అప్పుడూ కదల్లేదు. ఆయన ఉన్నా లేకపోయినా దానికిక ఒకటే. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. అయినా మనసు ఎందుకో చివుక్కుమంది.

లెక్క చూసుకోమని సహోద్యోగికి చెప్పి, ఆ రోజు పెందలాడే ఇంటిదారి పట్టాడు.