నర్సమ్మ బండిలో మంచినూనె

అది 1940, యుద్ధం మొదలైన మరుసటి ఏడు. కామారెడ్డి స్టేషను రోడ్డులో నాకొక సైకిల్ దుకాణం ఉండేది. పేరుకే సైకిల్ దుకాణం. కుట్టుమిషను, గ్యాసుదీపం, బావి మీది ఇంజను, ఏది తెచ్చినా కాదనేవాణ్ణి కాదు. కొత్తరకం యంత్రం కనబడితే నాకు పెండ్లి భోజనం దొరికినంత సంబరం. అందుకే ఎల్లారెడ్డి మిషన్ దవాఖాన నర్సు రూతమ్మ తన మోటారు సైకిలును ఎడ్లబండి మీద వేసుకొచ్చిన రోజు, ఆమె ముఖం కంటే ముందు ఆ యంత్రాన్ని చూశాను.

మోటారు సైకిలని మర్యాదకు అంటున్నాను. తొక్కుడు సైకిలుకే చిన్న ఇంజను బిగించిన బండి అది. పెడల్ తొక్కి స్టార్ట్ చేయాలి, ఎత్తు వస్తే దానికి మన కాళ్ళ సాయం కూడా కావాలి. ఇంజను టూ-స్ట్రోక్, అంటే పిస్టన్ ఒకసారి పైకెళ్ళి కిందికొస్తే దాని పని పూర్తయినట్టే. వాల్వులుండవు. సిలిండర్ గోడకు రంధ్రాలుంటాయి, వాటిని పోర్టులంటాం. ఒకదాంట్లోంచి పెట్రోలు, గాలి వస్తాయి, ఇంకోదాంట్లోంచి పొగ పోతుంది. నూనెకు వేరే తొట్టి లేదు, పెట్రోలులోనే కలిపి పోయాలి. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

"ఏందమ్మా, బండిని బండెక్కించిన్రు?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "గుట్ట మీది పల్లెకు కాన్పు చెయ్య పోతుంటె ఎక్కుడుకాడ ఆగిపోయిందన్నా. నేను నడిచి పొయ్యేసరికి పొద్దువాలింది. తల్లి దక్కింది, పిల్ల దక్కలె. ఇంకోపారి గిట్లయితే బండిని పట్నం పంపిస్తనని మా దవాఖాన పెద్ద దొరసాని చెప్పేసింది. మళ్ళ నాకు ఎడ్లబండే. నువ్వే చెప్పు, ఎడ్లు పొయ్యేదాక కాన్పు ఆగుతదా?"

నా పరాచికానికి నాకే సిగ్గేసింది. వెంటనే ఇంజను విప్పాను. పిస్టన్ రింగులు జిగురుపట్టి కదలడం లేదు. పొగపోయే పోర్టు మసి పెచ్చులు కట్టి సగం మూసుకుపోయింది. మసిని ఇత్తడి రేకుతో గీకాలి. ఇనుము తగిలితే సిలిండర్‌కు గీతలు పడతాయి. శుభ్రం చేశాక ఎలాగూ విప్పాను కదా, బలం కూడా పెంచుదామనుకున్నాను. పోర్టు పైఅంచును నువ్వుగింజంత ఆకురాయితో అరగదీశాను. ఆశకుపోయి ఎక్కువ అరగదీసేవాళ్ళుంటారు. అలాంటి ఇంజను చదును మీద గుర్రం, గుట్ట దగ్గర గాడిద. వెనక చక్రానికి పండ్లు ఎక్కువున్న స్ప్రాకెట్, అంటే గొలుసు తిరిగే పండ్లచక్రం, వేశాను. వేగం కాస్త తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది. గాలి కారుతున్న అతుకు దగ్గర మందపు కాగితం కత్తిరించి, లక్క పూసి బిగించాను.

"పెట్రోల్ల నూనె సక్కగ కలుపుతున్నరా?" అని అడిగాను.

"కలుపుతున్న. మంచినూనెనే."

"ఇగ గది చాలు" అన్నాను.

నా డబ్బాలోని నూనె కలిపి పోసి, తాడ్వాయి దాకా నడిపి చూశాను. బండి ఎక్కడా రొప్పలేదు. రూతమ్మ చీరకొంగు బిగించి ఎల్లారెడ్డి వైపు సాగిపోతుంటే స్టేషను రోడ్డంతా నిలబడి చూసింది. నాకైతే ఆ రోజు అన్నం కూడా ఎక్కువ సయించింది.

నెల తిరగకముందే అదే బండి పొగలు కక్కుతూ, కుంటుతూ మళ్ళీ వచ్చింది.

"నీ చెయ్యి మంచిదంటే నమ్మితిని గదన్నా" అంది రూతమ్మ. తిట్టినా బాగుండేది. ఆ మాట నాకు గుచ్చుకుంది.

అప్పుడే పక్క హోటలు యాదగిరి తల బయటపెట్టి, "ఎవలింట్ల గారెలు కాలుస్తున్రు? ఇయ్యాల పండుగేంది?" అన్నాడు.

నాకూ ఆ వాసన వచ్చింది. వాసన పట్టుకుని పోతే ఏ వంటింటికీ చేరలేదు, రూతమ్మ బండి పొగగొట్టం దగ్గర తేలాను.

"అమ్మా, ఏం నూనె పోసిన్రు?"

"చెప్పిన గద, మంచినూనెనే! కంపెనీ డబ్బా ఒడిసినంక లష్కర్ల బండి అమ్మినాయిననే అడిగిన. ఎప్పటికైనా మంచి నూనెనే కలుపు, లేకుంటె ఇంజన్ పోతదన్నడు. గానుగకాడ కూసోని నా కండ్ల ముంగట పట్టిచ్చిన. పసిపిల్లల ఒంటికి రాసేటంత సక్కటి నూనె."

మా ఇండ్లల్లో గ్యాసునూనె దీపానికి, మంచినూనె వంటకు. మంచినూనె అంటే నువ్వులనూనె, ఇంకో అర్థం లేదు. సికింద్రాబాదు లష్కరులో ఉన్న ఆ పెద్దమనిషి రెండు మాటలుగా అన్నదాన్ని ఈమె ఒక్క మాటగా విన్నది. ఈమె ఒక్క మాటగా చెప్పినదాన్ని, ఇంజనులో తల దూర్చిన నేను రెండు మాటలుగా విన్నాను. విషయం చెప్పగానే రూతమ్మ బల్ల మీద కూలబడి కండ్లనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది.

"మరి ఇంజన్ పోయిందా అన్నా?"

"పోలేదమ్మా. గారెలు తిని అరగక పండుకున్నది. గంతే."

మళ్ళీ గీకి, తుడిచి, బిగించాను. నా దగ్గరున్న ఇంజను నూనె డబ్బా చేతికిచ్చి, "ఇగనుంచి దీన్ని చెడునూనె అనుండ్రి. మర్చిపోరు" అన్నాను. నిజంగానే మర్చిపోలేదు. ఆ తరువాత కామారెడ్డి వచ్చినప్పుడల్లా రోడ్డు మీదినుంచే "అన్నా, చెడునూనె ఉన్నదా?" అని కేకేసేది. కొత్త బేరాలు భయపడి పక్క దుకాణానికి పోయేవి. పోతే పోనీ అనుకునేవాణ్ణి.

ఈ సంగతితో నాకొక అలవాటైంది. ఎవరు ఏ పేరు చెప్పినా "ఏదీ, తెచ్చి చూపియ్యి" అంటాను. పనిముట్టుకు దుకాణంలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉంటాయి. ఇంట్లో పేరు తెలియని మిస్త్రీ సగం మిస్త్రీయే.

మరుసటి ఏడు ఒక రైతు బెల్లం బండి తోలుకొచ్చి నా దుకాణం ముందు ఆపాడు. గుట్ట మీది పల్లె నుంచి వచ్చానన్నాడు. పోయినేడు బిడ్డ దక్కనిది ఆయన భార్యకే.

"ఈపారి నర్సమ్మ బండి యాళ్ళకచ్చింది మిస్త్రీ. ఆడిపిల్ల. తల్లీపిల్లా సల్లగున్నరు" అని, గడ్డిలో దాచి తెచ్చిన సీసా తీసి నా చేతిలో పెట్టాడు. "ఆ బండి నూనె తాగుతదట గద. మా చేను నువ్వులు, మా ఊరి గానుగ. మంచినూనె. బండికి పొయ్యి."

అది బండికి పోయరాదని ఆయనకు చెప్పబుద్ధి కాలేదు. కండ్లల్లో నీళ్ళు తిరిగితే దుమ్ము పడ్డదన్నాను. "తప్పకుండ దానికే అన్నా" అని సీసా ఇంటికి పంపించాను. సాయంత్రానికల్లా నా భార్య ఆ నూనెలో గారెలు వేసింది. బెల్లం అమ్ముకుని ఆయన బండి మళ్ళేటప్పుడు మోదుగాకుల్లో మూట కట్టి, సగం బాలింత ఇంటికి, సగం రూతమ్మకు ఇచ్చి పంపాను.

తరువాతి అంగడి రోజున అదే రైతుతో రూతమ్మ కబురొచ్చింది: "మంచినూనె మంచిగ పనిచేసిందని చెప్పు."