తొంభై ఒకటితో మొదలయ్యే నంబర్లు

మా ఆఫీసు కండ్లకోయలో, హైవే పక్కన. చిన్న ఆస్పత్రులకు వెబ్ అప్లికేషన్లు చేసిపెడతాం. ఉన్నవి మూడు. ఒకటి అపాయింట్‌మెంట్లు చూస్తుంది, ఒకటి బిల్లులు, ఇంకొకటి ల్యాబ్ రిపోర్టులు. మూడూ పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసినవే, కానీ ఒకదాని మొహం ఒకటి చూడవు. ఫోన్ నంబరు సరిచేసే చిన్న కోడ్ ముక్కను, ఫంక్షన్ అంటాం, ఎవరో ఒకదానిలో రాశారు. తర్వాతివాళ్ళు దాన్నే కాపీ కొట్టి మిగతా రెండింటిలో అతికించారు, ఆపైన ఎవరికి తోచినట్టు వాళ్ళు మార్చుకున్నారు. ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో అదంతా చదివేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ప్రోగ్రాం తాను చేసిన పనిని ఎప్పటికప్పుడు రాసిపెట్టే లాగ్ అయితే మరీ అన్యాయం. "పని అయింది" అని ఒక వరుస, "తప్పు వచ్చింది" అని ఇంకో వరుస. ఎవరి పని, ఎప్పుడు, ఏం తప్పు, ఏమీ ఉండదు. కొన్నిచోట్ల తప్పు వస్తే నోరు మూసుకుని ముందుకు పొమ్మని రాసి ఉంది. అలా రాసినవాడు ఎదురుగా ఉంటే నాలుగు అనేదాన్ని.

నేను చేరకముందే ఆ లాగ్ వల్ల ఒకామె ఉద్యోగం పోయింది. ఆమె మేడ్చల్‌లోని ఒక డయాలసిస్ సెంటర్‌లో రిసెప్షన్‌లో కూర్చునేది. ఒకసారి మిషన్లకు రిపేరు పడి, ఒక పెద్దాయన వంతును రెండు రోజులు ముందే వచ్చేలా మార్చారు. ఆయనకు మెసేజ్ అందలేదు. ఎప్పటిలాగే తన రోజున వస్తే సెంటర్ మూసి ఉంది. ఆ రాత్రికే ఊపిరి ఆడక నగరంలోని పెద్దాస్పత్రికి తీసుకుపోతే, చావు తప్పి బయటపడ్డాడు.

మెసేజ్ పోయిందా అని సెంటర్ వాళ్ళు మా ఆఫీసును అడిగారు. మా సార్ లాగ్ వెతికి, ఆ నంబరుకు పంపినట్టు మా దగ్గర రికార్డు లేదని జవాబిచ్చాడు. అది అబద్ధం కాదు. కానీ అక్కడివాళ్ళు దాన్ని, ఆమె మెసేజ్ పంపే బటన్ నొక్కలేదని అర్థం చేసుకున్నారు. ఆమెను మర్నాడే మానిపించారు. ఈ సంగతి ఆఫీసులో టీ తాగుతూ ఎవరో మామూలుగా చెప్పారు.

తర్వాత ఆ మూడు అప్లికేషన్లనూ ఒక దారికి తెచ్చే పని నాకే అప్పగించారు. అందరూ వాడే ఫంక్షన్లన్నీ ఒక్కచోట పెట్టి, మూడూ వాటినే వాడేలా సిద్ధం చేశాను. లాగ్ కూడా మార్చాను. ఎవరైనా బటన్ నొక్కితే దానికి ఒక గుర్తు సంఖ్య పడుతుంది. ఆ పని ఎన్ని చేతులు మారినా ఆ గుర్తు వెంటే ఉంటుంది. నొక్కింది ఎవరు, ఎప్పుడు, ఏమైంది అనేవి విడివిడి గడుల్లో పడతాయి. రోగుల పేర్లూ ఫోన్ నంబర్లూ మాత్రం రానివ్వలేదు. నంబరులో ఎన్ని అంకెలున్నాయో, అంతవరకే రాయించాను.

మొత్తం ఒకేసారి మార్చే ధైర్యం లేక, ముందు కొత్త లాగ్ ఒక్కటే పెట్టి, పాత ఫంక్షన్లను ఇంకా కదల్చలేదు. ఆ వారంలోనే తప్పు దొరికింది. అపాయింట్‌మెంట్ల దాంట్లో పోని మెసేజ్‌లన్నిటి పక్కనా ఒకటే మాట, అంకెలు ఎనిమిది. ఫోన్ నంబరుకు పది ఉండాలి కదా, రెండెక్కడికి పోయాయి?

కొందరు నంబరు ముందు దేశం కోడ్ తొంభై ఒకటి కలిపి రాస్తారు. దాన్ని తీసెయ్యడానికి పాత ఫంక్షన్‌లో ఒక వరుస రాసి ఉంది. కానీ అసలు నంబరే తొంభై ఒకటితో మొదలైతే? మొత్తం ఎన్ని అంకెలున్నాయో చూసుకోకుండా దాన్నీ కత్తిరించేసింది. ఆ పెద్దాయన నంబరు తీసి చూశాను. తొంభై ఒకటితోనే మొదలవుతోంది. పాత ఫంక్షన్‌కు ఇచ్చి నడిపిస్తే ఎనిమిది అంకెలు మిగిలాయి. ఎన్నిసార్లు బటన్ నొక్కినా ఆయనకు మెసేజ్ పోదు. నాకు ఒళ్ళు మండింది.

ఆ వరుస సరిచేసి, సార్‌కు చూపించాను. "ఇప్పుడు సరిజేసినవ్ గదమ్మా. పాతది తవ్వుడెందుకు?" అన్నాడు.

"ఆ పిల్ల పేరు చెడింది సార్. అది ఎట్ల సరైతది?"

ఆయన సెంటర్‌కు ఫోన్ చేశాడు, కాదనను. అక్కడివాళ్ళు మంచిది అన్నారట. అంతే, చేతులు దులుపుకున్నారు.

ఆమె శామీర్‌పేటలో, కరీంనగర్ రోడ్డు మీద ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేస్తోందని తెలిసి వెళ్ళాను. మేడ్చల్‌లో తెలిసినవాళ్ళు ఎదురుపడతారని అంత దూరం వస్తోందట. నేనెవరో చెప్పి, జరిగిందంతా విడమరిచి చెప్పాను. ఆమె కాగితాలు సర్దుతూనే విన్నది.

"గిది నాకు జెప్పుడెందుకక్కా?" అంది. "బటన్ నొక్కిన్నని నాకు ఎర్కనే గదా. ఆళ్ళకు జెప్పు."

ఆమే మళ్ళీ అంది, "ఆ పెద్దాయన భార్య పెద్దమ్మ, మేము ఒక్క చర్చికే పోతుంటిమి. దేవుడు జేసిన మేలు సాక్ష్యం జెప్పేటప్పుడు లేచి, దేవుడు మా ఆయనను బతికిచ్చిండు, ఆస్పత్రిల పిల్ల నిర్లక్ష్యం జేసింది అన్నది. నేను గాడనే కూసున్న. గప్పటిసంది పోతలేను."

ఆ సాయంత్రమే మేడ్చల్‌లో ఆ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. పెద్దాయన మంచం మీద పడుకుని వింటున్నాడు. అంకెల సంగతి ఆమెకు ఎంతవరకు అర్థమైందో తెలియదు. అంతా విని, "అంటే ఆ పిల్ల మెసేజ్ పెట్టిందా?" అని అడిగింది.

"పెట్టింది పెద్దమ్మా. మా ప్రోగ్రామే దాన్ని పోనియ్యలేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆదివారం ఆ పిల్లను తోల్కరా బిడ్డా. అందరి ముంగట అన్న మాట, అందరి ముంగటనే తీసుకోవాలె," అంది.

రానంటే రానంది ఆ పిల్ల. బతిమాలితే వచ్చి, గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చుంది. నేనూ పక్కనే కూర్చున్నాను. పెద్దమ్మ లేచింది. "పోయినసారి నేను జెప్పిన సాక్ష్యం తప్పు. ఆ పిల్ల తన పని జేసింది. నాకు తెల్వక ఆమె పేరు జెడగొట్టిన," అని, కూర్చోకుండా నిలబడిపోయింది.

ఎవరు సాక్ష్యం చెప్పినా, అందరూ కలిసి దేవునికి స్తోత్రం అనడం అక్కడి పద్ధతి. ఇలాంటి సాక్ష్యానికి అనాలో వద్దో ఎవరికీ తోచలేదు. పాస్టర్ కూడా తల వంచుకున్నాడు. పెద్దమ్మ అలాగే నిలబడి ఉంది.

నా పక్కనుంచి ఆమె గొంతు వినిపించింది. "దేవునికి స్తోత్రం," అంది, ఒక్కతే.