తారుమారైన చీట్లు

ఎలుకలక్క అంటే ఆ పరిశోధనాలయంలో తెలియనివాళ్ళు లేరు. ఇరవై ఏళ్లుగా వెనక గదిలో ఎలుకల్ని సాకుతోంది. మనుషుల పేర్లకు తడుముకునేది గానీ, ఎలుకల నంబర్లన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

ఆ రోజుల్లో పెద్దసారు ఎలుకల్లోని ఒక జన్యువు వెంటపడ్డారు. ఒంట్లో ప్రోటీన్లను కోసే ఎంజైములు అదుపు తప్పి ఊపిరితిత్తుల్ని తినేయకుండా, వాటికి కళ్ళెం వేసే ప్రోటీన్ ఒకటుంది. దాన్ని తయారుచేయించేది ఆ జన్యువే. దాని నిర్మాణం తేలింది, కాలేయంలో జోరుగా పనిచేస్తుందనీ తేలింది. ఏ క్రోమోజోము మీద ఉందన్నదే మిగిలింది. ఒంటిరంగు జన్యువు పక్కనే ఉంటుందని సారు అంచనా. అదే నిజమైతే రెండూ పిల్లలకు కలిసే రావాలి. ఎలుకలక్క పిల్లల రంగు బోను చీటీ మీద రాసేది. తర్వాత తోక కొన కత్తిరించి, చీటీ నంబరు వేసిన గొట్టంలో పెట్టి పరీక్షకు పంపేది.

రెండు బోన్లు తప్ప అన్నీ సరిపోయాయి. ఆ రెండింటిలో ఆరు పిల్లల్లో రంగు ఒకటైతే జన్యువు మరొకటి వచ్చింది. సారు వారం రోజులు తల పట్టుకుని, చివరికి మరో క్రోమోజోము వెతుకుదామన్నారు.

ఆ సాయంత్రం ఎలుకలక్క ఆయన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేసింది.

"ఆ రెండు చీట్లు నేనే తారుమారు చేశాను సార్. మా చెల్లెలు పోయిన మూడోరోజు బోన్లు కడిగి, ఒకదానిది ఒకదానికి తగిలించాను. తోకలు తప్పు నంబర్లతో పంపేశాక గానీ చూసుకోలేదు. చీట్లు సరిచేసి ఊరుకున్నాను."

"అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఉద్యోగం పోతుందని. చెల్లెలి కూతురు ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది."

చెల్లెలికి ఏమైందని సారు అడిగారు. ముప్ఫై ఆరేళ్లకే ఊపిరితిత్తులు పాడైపోయాయనీ, ఒంట్లో ఈ ప్రోటీనే తక్కువని డాక్టర్లు చెప్పారనీ చెప్పింది. ఆయన ఆ రెండు బోన్ల కాగితాలు ముందుకు లాక్కున్నారు.

"ఈ పిల్లల తల్లిదండ్రుల జంటల్ని రెండింటినీ మళ్ళీ కలుపుదాం," అన్నారు.

ఈసారి ఎలుకలక్క తోక కోసే ముందు పక్కన ఒకరిని నిలబెట్టి నంబరు పైకి చదివించేది. కొత్త పిల్లలన్నీ అంచనాకు సరిపోయాయి. జన్యువు చోటు దొరికింది.

ఈ పరిశోధన మీద రాసే వ్యాసం చివర ఆమె పేరు వేస్తానన్నారు సారు. చీట్లు తప్పినందువల్ల ఆ రెండు బోన్ల పిల్లల మొదటి ఫలితాలు తీసేశామని కూడా రాస్తేనే ఒప్పుకుంటానంది. రెండూ అచ్చయ్యాయి.