రెండుసార్లు తడితే చాలు

ఆమదాలవలసలో గిరిబాబు బట్టల కొట్టు ఎక్కడని అడిగితే ఒక పట్టాన ఎవరూ చెప్పలేరు. అదే జూడో మేడం కొట్టు అనండి, స్టేషన్ బయట ఆటోవాడు ఇంకో మాట అడక్కుండా తీసుకెళ్లి గుమ్మంలో దింపేస్తాడు. తాతల నాటి కొట్టు, బోర్డు మీద తన పేరు, అయినా ఊరు మాత్రం పెళ్లాం పేరు చెప్పుకునే వస్తుంది. గిరిబాబుకి అందులో నామోషీ ఏమీ లేదు. "పేరెవలిదైతే ఏటి, బేరం అయితే సాలు" అంటాడు, మీటరు కర్ర తిప్పుకుంటూ.

ఆ జూడో మేడమే కన్యాకుమారి. నలభై ఎనిమిదేళ్లు. మనిషి పొట్టి, భుజాలు మాత్రం బస్తాలు మోసేవాళ్ల భుజాల్లా ఉంటాయి. పొద్దున్నుంచీ కొట్లో కూర్చుని లంగా గుడ్డలూ జాకెట్టు ముక్కలూ చింపి ఇస్తుంది. గడియారం నాలుగు కొట్టిందంటే బేరం మొగుడికి వదిలేసి, వెనకున్న పాత ధాన్యం గొడౌన్లోకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత పెళ్లివారు పట్టుచీరలకొచ్చినా సరే, ఆవిడ బయటికి రాదు.

గొడౌన్లో నేలంతా పాత స్పాంజి పరుపులు, వాటి మీద బిగించి కట్టిన టార్పాలిన్. ఎంత ఊడ్చినా మూలల్లో ఇంకా వడ్లగింజలు దొరుకుతూనే ఉంటాయి. అక్కడ ఇరవై ఇద్దరు ఆడపిల్లలు ఒకళ్లనొకళ్లు పట్టుకుని, లాగి, పడేసి, కింద అదిమి పెడుతూ రెండు గంటలు గడుపుతారు. ఆ దబ్బు దబ్బుమనే చప్పుడికి కొట్లో కొత్త బేరగాళ్లు ఉలిక్కిపడితే, "ఏటీ లేదమ్మా, మా ఆవిడ పిల్లల్ని పడేస్తన్నాది" అని చెప్పి గిరిబాబు ఇంకో చీర విప్పుతాడు.

ఈ గిరిబాబు గురించి ఒక్క ముక్క చెప్పకపోతే అన్యాయం. పదిహేనేళ్ల కిందట గొడౌన్ మొదలెట్టేటప్పుడు, జూడోకి తెల్లకోటు కావాలి, ఎదుటివాళ్లు పట్టుకుని లాగడానికి ఉండాలి అని భార్య చెప్పింది. ఆయన పొందూరు వెళ్లి, అక్కడి సన్నఖద్దరులోకెల్లా సన్నది ఏరి తెచ్చి, దర్జీని పక్కన కూర్చోబెట్టుకుని కుట్టించి, ఇస్త్రీ చేయించి మరీ ఇచ్చాడు. బట్టల వ్యాపారి కదా, సొంత భార్యకి నాసిరకం ఇస్తాడా. మొదటి రోజు మొదటి పట్టుకే కోటు కుడిచెయ్యి మొత్తం ఊడి ఎదుటి పిల్ల చేతిలోకి వచ్చేసింది. కన్యాకుమారి పడీపడీ నవ్వింది. ఆయనకి రెండు రోజులు అన్నం సహించలేదు. తర్వాత ముతక దుప్పటి గుడ్డ రెండు పొరలు వేసి, దగ్గర దగ్గరగా కుట్లు వేయించి మళ్లీ కుట్టించాడు. ఇవాళ్టికీ పిల్లలందరి కోట్లూ ఆయన కత్తిరించినవే. ఆ చిరిగిన ఖద్దరు కోటు మాత్రం కన్యాకుమారి బీరువాలో పట్టుచీరల మధ్య ఉంది.

కొత్తగా చేరిన పిల్లకి ఆవిడ మూడు నెలల పాటు పడ్డమే నేర్పుతుంది. ముందుకి, వెనక్కి, పక్కకి, చెయ్యి విరగకుండా, తల తగలకుండా. "పడిపోడానికా మా పిల్లని పంపినాం" అని ఓ తల్లి గొడవకొస్తే, "నువ్వు బండి మీంచి పడ్డప్పుడు ఏటి ఇరిగినాది?" అని అడిగింది. "మణికట్టు" అందావిడ. "నీ కూతురికి ఇరగదు, ఎల్లు" అంది కన్యాకుమారి. ఆ తల్లి మర్నాడు రెండో కూతుర్ని కూడా తీసుకొచ్చి చేర్పించింది.

పడ్డం వచ్చాక అసలు పాఠం. కింద పడ్డ మనిషి మోచేతిని వెనక్కి వంచి పట్టే పట్టు ఒకటుంది. అది నేర్పేముందు పిల్లల్ని కూర్చోబెట్టి చెబుతుంది. అవతలి పిల్ల చేత్తో రెండుసార్లు తడితే ఓడిపోయానని ఒప్పుకున్నట్టు. నీ ఒంటి మీద తట్టినా, నేల మీద తట్టినా, ఆ క్షణం వదిలెయ్యాలి. జూడో నేర్పే ప్రతివాళ్లూ చెప్పే మాటే ఇది. కన్యాకుమారి దానికి ఇంకో ముక్క తగిలిస్తుంది, చిక్కంతా అక్కడే. "పోటీలో అయినా సరే. రిఫరీ చెప్పేదాకా ఆగకండి."

"అక్కా, ఇక్కడైతే సరే. పోటీలో రిఫరీ మాట రాకుండా వదిలితే ఎలాగ? ఆయన చూడకపోతే గెలిచింది కాస్తా పోతాది" అని విజయనగరంలో జూడో నేర్పే జగన్నాధం ఏటా మొత్తుకుంటాడు. అతను చెప్పిందే రూలు. ఆవిడ దగ్గర నేర్చుకున్న పిల్లలు ముగ్గురు అలా వదిలి ఓడిపోయారు కూడా. "పోతే పోనీ" అంటుందే తప్ప, ఈ మొండిఘటం ఎవరి మాటా వినదు.

ఆ మొండితనం ఊరికే రాలేదు. విజయనగరంలో ఇంటర్ చదివే రోజుల్లో ఓ పోటీలో కన్యాకుమారికి ఎదురుపడ్డ పిల్ల పేరు రేఖ. సంగీతం వాళ్లింటి అమ్మాయి, తండ్రి దగ్గర వయొలిన్ నేర్చుకునేది, సరదాకి జూడోలో చేరి ఫైనల్ దాకా వచ్చేసింది. కన్యాకుమారి ఆమె కుడి మోచేతిని పట్టింది. రేఖ తట్టింది. తట్టిన సంగతి కన్యాకుమారికి తెలిసింది కూడా. రిఫరీ ఇంకా ఏమీ అనలేదు కదా అని బిగించే ఉంచింది. ఒక్క రెండు క్షణాలు. లోపల ఏదో తెగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

మెడల్ కన్యాకుమారికే ఇచ్చారు. రేఖ కుడిచెయ్యి మళ్లీ పూర్తిగా సాగలేదు, వయొలిన్ మీద కమాను ఆడలేదు. ఇప్పుడు ఆవిడ పిల్లలకి పాట నేర్పుతుంది. కోపం అన్నది పెట్టుకోలేదు, కన్యాకుమారి ఎప్పుడు వెళ్లినా కూర్చోబెట్టి కాఫీ ఇస్తుంది. గ్లాసు మాత్రం ఎడమచేత్తో అందిస్తుంది. ఆ కాఫీ తాగడం కన్యాకుమారికి ముప్ఫై ఏళ్లుగా కష్టంగానే ఉంది.

ఇక సింధూరి సంగతి. పదిహేడేళ్ల పిల్ల, అరసవల్లిలో కొబ్బరికాయల కొట్టు రాంబాబు కూతురు. గొడౌన్లో ఇంతమందిలోనూ చురుకైంది ఎవరంటే ఆ పిల్లే. ఆరేళ్లుగా రోజూ అరసవల్లి నుంచి ఆటో మారి ఆటో ఎక్కి వస్తోంది. ఈ ఏడు ఇంటర్ రెండో సంవత్సరం. రాంబాబు తేల్చి చెప్పేశాడు. "ఈసారి జిల్లా పోటీల్లో నెగ్గి రాష్ట్రానికి ఎల్లినావా, నీ ఇష్టం. లేదా, ఆ కోటు మడిసి లోన ఎట్టీ, పుస్తకం తియ్యి." మాటంటే మాటే మనిషి. కూతురికి ఆ సంగతి తెలుసు, కన్యాకుమారికీ తెలుసు.

పోటీలు ఆదివారం పెట్టారు. సూర్యదేవుడి గుడి ఉన్న అరసవల్లిలో ఆదివారం అంటే కొబ్బరికాయల కొట్టుకి ఎలాంటి రోజో వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు కొట్టు కట్టేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, శ్రీకాకుళంలో పోటీ జరిగే కల్యాణమండపానికి వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు రాంబాబు. జన్మలో ఆదివారం కొట్టు కట్టడం అదే మొదలు.

సింధూరి ఫైనల్ దాకా నల్లేరు మీద బండిలా వచ్చేసింది. ఫైనల్లో ఎదురు పడింది విశాలి, పొడుగ్గా బలంగా ఉన్న పిల్ల. రెండు నిమిషాలు ఒకళ్ల కోట్లు ఒకళ్లు గుంజుకున్నాక సింధూరి ఒడుపుగా తిరిగి ఆమెను పడేసి, పడడంతోనే మోచెయ్యి పట్టేసింది. కన్యాకుమారి కుర్చీ అంచుకి జరిగింది. పట్టు పడిందంటే పడింది, ఇక తిరుగులేదు.

విశాలి తట్టింది. ఒంటి కింద నలిగిపోయిన రెండో చేత్తో, సింధూరి తొడ మీద, రెండుసార్లు. రిఫరీ అటువైపు నిలబడ్డాడు, ఆయనకి ఆ చెయ్యి కనిపించలేదు. సింధూరి వదిలేసింది. వదిలి, గెలిచానన్న నమ్మకంతో తలెత్తి రిఫరీ వైపు చూసింది. ఆయన ఆడండి ఆడండి అని చెయ్యి ఊపాడు. ఇంతలో విశాలి దొర్లి సింధూరి గుండెల మీదికి ఎక్కేసింది. ఇరవై లెక్కపెట్టేదాకా కదలనివ్వలేదు, అలా అదిమి ఉంచితే గెలిచినట్టే. అయిపోయింది.

విశాలిని తిట్టడానికి నాకు నోరు రాదు. ఆ ఊపులో ఉన్న పిల్ల ఏం ఆలోచిస్తుంది? ఆఖర్న వంగి దణ్ణం పెట్టేటప్పుడు మాత్రం అవసరమైన దానికంటే చాలాసేపు వంగే ఉంది. సింధూరి ఏడవలేదు. రాంబాబు లేచి, కన్యాకుమారి దగ్గరికొచ్చి, "సేతికొచ్చింది ఒదిలీసినాదమ్మా. రేపొచ్చి దాని సామాన్లు తీసుకెల్తాం" అన్నాడు. గట్టిగా తిట్టినా బాగుండేది ఆవిడకి.

మర్నాడంతా కన్యాకుమారి మనసు మనసులో లేదు. మీటరు అడిగినవాళ్లకి మీటరున్నర చింపింది. గిరిబాబు చూసి కూడా ఊరుకున్నాడు. నా పాపం కడుక్కోడానికి ఈ పిల్ల ఆటని బలిపెట్టానా అన్న ఒక్క మాట ఆవిడ లోపల తిరుగుతోంది. జగన్నాధం ఎన్నిసార్లు చెప్పాడు. ముగ్గురు పిల్లలు ఓడినా బుద్ధి రాలేదు. ఇవాళ పిల్లలందరికీ చెప్పెయ్యాలి, పోటీలో రిఫరీ మాట వచ్చేదాకా వదలొద్దని. మూడు గంటలకల్లా అలా అనుకుని గట్టిపడిపోయింది.

నాలుగింటికి రాంబాబు కూతుర్ని వెంటబెట్టుకుని గొడౌన్ గుమ్మంలోకి వచ్చాడు. మేకుకి సింధూరి సంచీ వేలాడుతోంది. దాన్ని తీసి భుజాన వేసుకుని, వెళ్లలేక నిలబడ్డాడు.

"ఒక్క మాట అడుగుతాను, ఏటనుకోకండి" అన్నాడు. "రిఫరీ సెప్పేదాకా ఆ ఒక్క నిమిషం పట్టి ఉంటే ఏటైపోద్దమ్మా? మా పిల్ల నెగ్గేది కదా?"

"నెగ్గేది" అంది కన్యాకుమారి. "తప్పు నాదే రాంబాబు గారూ. నేను నేర్పిందే సింధూరి చేసింది. ఇకనుంచి అలా నేర్పను. రూలు మార్చేస్తన్నాను."

ఇరవై ఒక్కమంది పిల్లలూ గుడ్లప్పగించి చూశారు. ఆవిడ నోట తప్పు నాదే అన్న మాట ఎప్పుడూ విన్నవాళ్లు కారు.

అప్పుడు సింధూరి కదిలింది. చెప్పులు విప్పి టార్పాలిన్ మీదికి వెళ్లింది. "నాన్నా, ఇలా వచ్చి పడుకో" అంది.

"ఏటే?"

"పడుకో సెప్తాను. ఏటైపోద్దో అడిగినావు కదా."

రాంబాబు నవ్వాడు. రోజుకి రెండొందల కాయలు ఒలిచే చెయ్యి అతనిది, మణికట్టు రోకలిబండలా ఉంటుంది. సంచీ దించి, ఇస్త్రీ చొక్కాతోనే వెల్లకిలా పడుకున్నాడు. సింధూరి అతని కుడిచేతిని రెండు చేతుల్తో పట్టుకుని, కాళ్లు మెడ మీదుగా గుండెల మీదుగా వేసి, వెనక్కి వాలింది. మోచెయ్యి ఎటు వంగకూడదో అటు కొంచెం నడుం ఎత్తింది, అంతే.

"ఇంతేనేటి..." అంటున్నాడు రాంబాబు. మాట పూర్తి కాలేదు. ఎవరూ నేర్పకుండానే ఎడమచెయ్యి టార్పాలిన్ మీద టపటపా కొట్టింది. రెండో దెబ్బ చప్పుడు ఆగకముందే సింధూరి చేతులు విడిపోయాయి.

రాంబాబు లేచి కూర్చుని మోచేతిని ఒళ్లో పెట్టుకున్నాడు.

"రిఫరీ ఏటీ సెప్పలేదు నాన్నా" అంది సింధూరి మెల్లిగా. "ఇంకో ఒక్క నిమిషం పట్టీమంటావా?"

సింధూరి మేడం వైపు తిరిగింది. "రూలు మార్చకండి మేడం. మీరు మార్చినా నా సేతులు ఇనవు. తట్టగానే ఒదిలీడం వాటికి అలవాటైపోనాది. ఈసారి ఒదిలినాక రిఫరీ వేపు సూడను, ఆట ఆపను, అంతే."

కన్యాకుమారికి కళ్లంట నీళ్లు వచ్చేశాయి. దాచుకోలేదు. ముప్ఫై ఏళ్ల కిందట తనకి రాని బుద్ధి ఈ పిల్లకి పదిహేడేళ్లకే వచ్చింది, అదీ తన చేతి మీదుగానే వచ్చింది, ఇంతకంటే ఆవిడకి ఏ మెడలూ అక్కర్లేదు. కోటు చేత్తో మొహం తుడుచుకుని, పిల్లల మీద కసురుకుంది, ఏం చూస్తున్నారు, వరసలో నిలబడండని.

రాంబాబు ఇంకా అలాగే కూర్చున్నాడు. "ఆ పిల్లకీ ఇంత నొప్పి ఒచ్చినాదేటి?" అని అడిగాడు.

"ఇంకా ఎక్కువే. నిన్ను మెల్లిగా పట్టినాను" అంది సింధూరి.

అతను లేచాడు. కుడిచెయ్యి లేవక, సంచీని ఎడమచేత్తో తీసి, తీసిన చోటే మేకుకి తగిలించాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"మళ్లీ పోటీలు ఎప్పుడమ్మా?"

"వచ్చే ఏడు" అంది కన్యాకుమారి.

"ఆదివారమేనా?"

"ఆదివారమే."

రాంబాబు మోచెయ్యి రుద్దుకున్నాడు. "సరే, కొట్టు కట్టీసి వస్తాను" అన్నాడు.